రెండు రిలేల్లో ఏది ముందు?

1957లో నాకు నంద్యాలలో మోటార్లు రిపేరు చేసే చిన్న షాపు ఉండేది. అంతకుముందు రైల్వే సిగ్నళ్ల పని చేశాను కాబట్టి, రిలే పెట్టె మొరాయిస్తే చుట్టుపక్కల మిల్లులవాళ్లు నాకే కబురు చేసేవాళ్లు. రిలే అంటే కరెంటు వస్తే లేచి, పోతే పడిపోయే ఇనుప రేకు. దాన్నిబట్టి మోటారుకు కరెంటు కలుస్తుంది, తెగుతుంది.

ఒకసారి ఆళ్లగడ్డలో దూదిని బేళ్లు కట్టే మిల్లు నుంచి కబురొచ్చింది. దూదిని అదిమే ప్రెస్సు తలుపు తెరిచి ఉంటే మోటారు తిరగకూడదు. ముందురోజు తిరిగింది. సుంకన్న అనే కూలీ చొక్కా చిరిగింది, అదృష్టం కొద్దీ చెయ్యి దక్కింది. మీట నొక్కింది ప్రెస్సు నడిపే ఖాసిం.

"పని బేగా అవుతాదని తలుపు తీసినా మూసినట్టే ఉండేట్టు స్విచ్చికి దారం కట్టింటాడు వీడు," అన్నాడు యజమాని ఓబుల్ రెడ్డి. "తలుపు తీసి నేను ఎన్నిసార్లు నొక్కినా తిరగల్యాప్పా. పెట్టె బాగుంది. రేపట్నుంచి రావద్దని చెప్పినా."

"నేను కట్టలేదన్నా," అన్నాడు ఖాసిం. "తలుపు మూసినాకనే నొక్కినా. ఈ మాట పడినాక ఇంగ నన్ను యాడ పనికి పెట్టుకుంటారు?"

నాకు అతని మీద జాలేసింది. కానీ జాలి సాక్ష్యం కాదు. సుంకన్నను అడిగితే సంగతి తెలిసింది. మూసిన తలుపులోంచి దూది బయటికి వేలాడితే, మోటారు వేగం అందుకునేలోగా తలుపు చటుక్కున తీసి లోపలికి తోయడం వాళ్ల అలవాటట. ముందురోజూ అదే చేశాడట.

పెట్టెలో రిలేలు రెండు: తలుపు మూస్తే లేచి, తీస్తే పడే తలుపు రిలే; మీట నొక్కితే లేచి మోటారుకు కరెంటిచ్చే మోటారు రిలే. చాక్‌పీసుతో నేలమీద సున్నాలు గీశాను. రిలేలు ఉండగల ఒక్కో స్థితికి ఒక్కో సున్నా. ఏ రిలే ముందు కదిలితే ఎక్కడికి చేరతామో చూపే బాణాలు.

"ఏందప్పా, ముగ్గులేస్తాండావ్?" అని నవ్వాడు రెడ్డి. ముగ్గయితే చూడ్డానికైనా బాగుండేదని నేనూ ఒప్పుకున్నాను.

ఒక బాణం చెడ్డచోటికి పోయింది. మీట నొక్కడం, తలుపు తియ్యడం ఒకేసారి జరిగినప్పుడు తలుపు రిలే ముందు పడితే క్షేమమే. మోటారు రిలే ముందు లేస్తే మాత్రం, మీట వదిలినా పడకుండా తన కరెంటు తనే పట్టుకుంటుంది, ఇక తలుపు రిలే పడినా ఆగదు. రెడ్డి ప్రతిసారీ తలుపు ముందే తీసి నొక్కాడు గనక అది బయటపడలేదు. తలుపు తీసి, తలుపు రిలే వెంటనే పడకుండా చెక్కపుల్లతో కాస్త ఆపి, మీట నొక్కి, పుల్ల తీసి చూపించాను. తలుపు రిలే పడినా మోటారు తిరుగుతూనే ఉంది. రెడ్డి నవ్వు ఆగిపోయింది.

మోటారు రిలే పట్టుకునే కరెంటు కూడా తలుపు రిలే మీదుగానే పోయేలా వైరు మార్చి, బాణాలన్నీ మళ్లీ గీశాను. ఈసారి ఏది ముందు కదిలినా, చివరికి మోటారు ఆగి తీరాలి.

"గీతల్ని నమ్మి చెయ్యి పెట్టమంటావా అన్నా?" అన్నాడు ఖాసిం.

"నేనే పెడతా. తలుపు తీసేటప్పుడే నొక్కు."

తలుపు లాగి చెయ్యి పెట్టాను. చప్పుడు లేదు. గర్వంగా వెనక్కి తిరిగాను. ఖాసిం వేలు మీట మీద లేనే లేదు.

"నా చేత కాదన్నా," అన్నాడు, కళ్లలో నీళ్లతో. "తిరగదని తెలుసు. అయినా మనిషి చెయ్యి లోపలుంటే నొక్కలేను."

రెడ్డి వచ్చి అతని భుజం తట్టాడు. "పొద్దున బేగా రాప్పా ఖాసిం," అన్నాడు.

యంత్రం బాగా నడవడం ఎన్నిసార్లు చూసినా, అది తప్పు చెయ్యదని తేలినట్టు కాదు. ఆ తర్వాత ఏ మిల్లుకు పోయినా, పెట్టెలోని దారులన్నీ గీసి చూసేదాకా మనిషి మీద నేరం వెయ్యనిచ్చేవాణ్ణి కాదు.