కెప్టెన్ గారికి వదిలిన నీళ్లు

హామిల్టన్ అనే ఈ పరాయి దేశపు ఊళ్లో మాతోనే ఉంటున్న మా పిన్ని రోజూ అన్నం వడ్డిస్తూ అడిగేది ఒకటే: "మీ కెప్టెన్ గారు కనబడ్డారా?"

విక్టోరియా రాణి కాలంలో ఉత్తర ధ్రువం వైపు ఓడలకు దారి వెతుకుతూ వెళ్లి, మంచులో మాయమైన ఇంగ్లీషు దొర ఆయన. ఓడ దొరికింది కానీ మనిషి దొరకలేదు. అక్కడి సముద్రం అడుగును శబ్దతరంగాలతో తీసిన సోనార్ బొమ్మలను ఇంట్లో కూర్చుని జల్లెడ పట్టడం నా ఉద్యోగం. "లేదు పిన్నీ" అంటే, "దొరుకుతాడులే, తొందరేముంది" అనేది. తొందరేముందట! ఆయన మునిమనవల కాలం కూడా దాటిపోయింది.

పిన్ని ధీమాకు కారణం ఉంది. సరుకుల ఓడలో పనిచేసే బాబాయి, నా చిన్నప్పుడు విశాఖలో ఓడెక్కి మళ్లీ రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామని పెద్దలు ఎంత చెప్పినా పిన్ని వినలేదు. ఈ రోజుకీ నుదుట ఇంత బొట్టు పెట్టుకుంటుంది. కెప్టెన్ భార్య మొగుడి కోసం ఓడల మీద ఓడలు పంపిందని చెబితే, "అదృష్టవంతురాలు. నాకు ఓడలేవీ?" అంది. ఆ తర్వాత తెర మీద ఏ నల్లటి ఆకారం కనబడ్డా పెద్దది చేసి మళ్లీ మళ్లీ చూసేవాణ్ణి. వెతుకుతున్నది ఎవరినో నాకే తెలిసేది కాదు.

మహాలయ అమావాస్యనాడు సరస్సు ఒడ్డున నాన్నకు తర్పణం వదిలాను. పిన్ని శాలువా కప్పుకుని పక్కనే నిలబడింది. చివర్లో ఎవరూ లేనివాళ్లకు కూడా వదులుతాం కదా, కెప్టెన్ గుర్తొచ్చాడు. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం. ఆయన పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలేశాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

"ఆయన దొరికాడా?" పిన్ని నా భుజం పట్టుకుని అడిగింది.

"లేదు."

"మరి నీళ్లెలా వదిలావురా? పోయాడని ఎవరు చూశారు?"

"ఇంకా బతికుండడానికి ఆయనేమన్నా మార్కండేయుడా పిన్నీ?"

ఇంటికి వచ్చేశాం. భోజనాల దగ్గర తనే అడిగింది.

"ఆ కెప్టెన్ భార్య చివరిదాకా ఎదురుచూసిందా?"

"చూసింది."

"నేనూ చూస్తా. నేను పోయాక ఇద్దరికీ కలిపి వదులు. నేనుండగా మీ బాబాయికి చుక్క నీళ్లు వదిలావో, ఊరుకోను."

సరేనన్నాను. మర్నాటి నుంచి పిన్ని అన్నం వడ్డిస్తూ కెప్టెన్ గురించి అడగడం మానేసింది. నేనొక్కణ్ణే ఇంకా వెతుకుతున్నాను.