కూర్చున్న కొలతకి ఒక విల్లు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను యాంగోన్ నుంచి అవతలి ఒడ్డు దలాకి వెళ్లే ఫెర్రీలో, నది మధ్యలో ఉన్నాను. ఆదివారం పొద్దున్న. ఒళ్లో ఆవిడ కోసం తామ్వే బజారులో కొన్న చింతపండు, పచ్చిమిరపకాయలు ఉన్నాయి. పక్కింటి మా థిడా ఏడుస్తూ బర్మా భాషలో చెప్పింది: "మీ డోడో టీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లారు. నువ్వు తొందరగా రా." ఇక్కడ వాళ్లు పెద్దావిడని డోడో అంటారు. దలాలో ఆ వీధి వీధంతటికీ ఆవిడ డోడోయే. తొందరగా రమ్మంటే ఎలా వస్తాను? ఫెర్రీ ఎవరి కోసమూ తొందరపడదు. కమ్మీ పట్టుకుని నిలబడి ఏడ్చాను. బుట్టలో కోళ్లు పెట్టుకున్న ఒకావిడ ఏమీ అడక్కుండా తన పీట నాకు జరిపింది.

ఆ పొద్దున్న నేను వెళుతున్నది ఆవిడ విల్లుకి నారి ఎక్కించడానికి. ఈ మాట చెబితే యాంగోన్‌లో నా స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు. మా అత్త జాకెట్లు కుట్టేది. వానాకాలంలో, పొలాలు మునిగినప్పుడు, చిన్న పడవలో వెళ్లి విల్లుతో కొర్రమీను కొట్టేది. రెండూ నిజమే.

మా తాతల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రేవు కూలికి వచ్చినవాళ్లు. అత్తని చేసుకున్న మావయ్య డాక్‌యార్డులో వెల్డరు. విల్లు ఆయనది, వేట ఆయనది. బాణానికి సన్నటి తాడు కట్టి, ఆ తాడుని ఖాళీ నీళ్ల సీసాకి చుట్టి, చేప కనిపించిన చోటుకి కాస్త కిందికి గురిపెట్టి వదలడం ఆయన దగ్గరే ఆవిడ నేర్చుకుంది. ఆయన పోయాక ఆ విల్లు తీసుకుని పడవెక్కింది. విల్లు ఆవిడకంటే పొడుగు. కింది కొన పడవ అంచుకి కొట్టుకుని బాణం ఎటో పోయేది. ఒక వానాకాలమంతా అలాగే తిప్పలు పడి, చివరికి నన్ను వెంటబెట్టుకుని ఊ ట్విన్ దగ్గరికి బయల్దేరింది.

ఊ ట్విన్ పడవలు కడతాడు, అడిగినవాళ్లకి విల్లులు చేస్తాడు. వెదురు బద్దల మధ్య పడౌక్ అనే గట్టి చెక్క పెట్టి అంటించి, పాత సైకిలు ట్యూబులతో బిగించి కట్టి ఆరబెడతాడు. ఆయన పాకలో తయారైన విల్లులు వరసగా వేలాడుతున్నాయి. అత్త ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని వదిలేసింది.

"ఇయ్యన్నీ రెడీమేడు. ఒక్కటీ నా ఒంటికి నప్పదు. నా కొలతకి సెయ్యి," అంది.

ఆయన డాక్‌యార్డులో పనిచేసిన రోజుల్లో మనవాళ్ల దగ్గర తెలుగు నేర్చాడు. తిట్లు మాత్రం బాగా వచ్చు, మిగతా తెలుగు నడుస్తుంది. "నిలబడమ్మా, చెయ్యి చాపు," అని టేపు తీశాడు.

"నానేటి, నిలబడి కొడతానా? పడవలో కూకుంటాను. కూకున్న కొలత తియ్యి."

ఆ పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది. ఇది విల్లు కోసం పుట్టిన తెలివి కాదు. మా అత్త జాకెట్లకి కూడా కొలత అలాగే తీసేది. వచ్చినావిడని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఊళ్లో సంగతులన్నీ మాట్లాడి, ఆవిడ ఒళ్లు వదులు చేసుకున్నాక అప్పుడు టేపు చుట్టేది. "నిలబెట్టి కొలిస్తే ఒకొక్కరూ ఊపిరి బిగబట్టి అబద్దం ఆడతారే. మనిసి కూకున్నాక పొట్ట నిజం సెప్తాది," అనేది. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకుని బంతి భోజనానికి కూర్చుంటే ఒక్క హుక్కు కూడా ఊడేది కాదు.

కూర్చుని గడ్డం దాకా చెయ్యి లాగితే ఎంత వస్తుందో ఊ ట్విన్ కొలిచాడు. మోకాలికీ పడవ అంచుకీ మధ్య ఎంత జాగా ఉంటుందో ఆవిడ చేత్తో చూపించింది. ఆయన తల గోక్కున్నాడు.

"ఇంత పొట్టి విల్లు అయితే తాడు వేళ్లని నలిపేస్తుంది."

"నలపకండా సెయ్యి. అందుకే గదా నీ కాడికొచ్చేను."

"అయితే కొసలు బాగా వెనక్కి వంచాలి. ఆవిరి పట్టాలి. విరిగితే మళ్లీ మొదటి నుంచీ."

"ఇరిగితే మళ్లీ సెయ్యి. నా మిసను సూది ఇరగదేటి?"

వాళ్లిద్దరి స్నేహం అలా తగువుతో మొదలై తగువుతోనే నడిచింది. ఆ విల్లు చేతికొచ్చిన రోజు పిడికి ఒక పెళ్లికూతురి జాకెట్టులో మిగిలిన ఎర్ర ముఖమల్ ముక్క చుట్టి కుట్టింది. వేళ్లకి పాత చెప్పు తోలు కత్తిరించి తొడుగు చేసుకుంది. పడవలో కూర్చుంటే విల్లు ఆవిడ ఒళ్లో సరిగ్గా ఒదిగింది. ఆ పూట పట్టిన మొదటి చేపని పైకెత్తి, గట్టు మీదున్న నాకు చూపించి, "ఏటి, సూసేవా?" అని అరిచింది. అప్పుడామె ముఖంలో ఎంత గర్వముందో, నేను మళ్లీ కాలేజీ చదువుకునే పిల్లనై ఆ గట్టు మీద నిలబడితే తప్ప చెప్పలేను.

ఆవిడకి నియమాలుండేవి. పక్కవాళ్లు ఉపవాసముండే రోజుల్లో వేటకి వెళ్లేది కాదు. నీటి మీద ఎర్రగా చేపపిల్లల గుంపు కనిపిస్తే, ఆ అడుగున తల్లి కొర్రమీను ఎంత లావుగా ఉన్నా బాణం దించేసేది. "పిల్లతల్లి, పోనీయే," అనేది. మా థిడా బుగ్గలకి థనఖా గంధం పూసుకుని పక్క గుమ్మంలో కూర్చుని, "డోడో, ఎన్ని ప్రాణాలు తీశావో నాకు చెప్పకు," అంటూ చెవులు మూసుకునేది. మధ్యాహ్నం పులుసు గిన్నె పంపితే మాత్రం గిన్నె కడిగి వెనక్కి వచ్చేది, లోపల ఒక్క ముల్లు కూడా మిగలకుండా.

అన్నిటికంటే గట్టి నియమం నారిది. వేట అయ్యాక ఇంటికొచ్చి మొదట చేసే పని నారి దించడం. కాళ్లు కడుక్కోవడం కూడా ఆ తర్వాతే. "ఎక్కించి వదిలేస్తే విల్లు అలిసిపోద్దే. దానికీ నడుం వాల్చాలనుంటాది," అని, నారి దించిన విల్లుని మిషను పక్కన మేకుకి తగిలించేది. అన్నేళ్లలో ఆ గోడ మీద నారి ఎక్కించిన విల్లుని నేను ఒక్కసారీ చూడలేదు.

కొన్నేళ్ల కిందట ఆవిడ రేవు మెట్ల మీద జారిపడింది. మోకాలు బాగుపడలేదు. కూర్చుని పడవలో వెళ్లగలదు, కూర్చుని విల్లు లాగగలదు. నారి ఎక్కించాలంటే మాత్రం ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు విల్లులోంచి దాటించి, తొడ మీద దాన్ని వంచాలి. ఆ ఒంటికాలే లేకుండా పోయింది. నారి ఎక్కించడానికని విల్లుని వంచే తాడొకటి నేను తెప్పించి ఇచ్చాను. దాని మీద కూడా నిలబడే తొక్కాలని తెలిశాక ఆ తాడుతో సొరపాదు పందిరికి కట్టుకుంది.

మళ్లీ ఊ ట్విన్ దగ్గరికి వెళ్లాం. ఈసారి ఆవిడ కోరింది ఒక్కటే. "నా అంతట నాను తాడెక్కించుకునే విల్లు కావాల. ఒకళ్ల కాడ సెయ్యి సాపను," అంది. ఆయన తగువాడలేదు. నెల తిరక్కుండా రెండు విల్లులు చేసి కబురు పంపాడు. చూడ్డానికి కవలల్లా ఉన్నాయి. ఒకటి తేలిక, ఒకటి బిగువు.

తేలిక విల్లుకి అత్త పీట మీద కూర్చునే, చేతులతోనే నొక్కి నారి ఎక్కించేసింది. పకపకా నవ్వింది. ఆ మోకాలు పోయిన దగ్గర్నుంచి నేనా నవ్వు వినలేదు. "ఇదీ నా విల్లు!" అని పిడిని తడిమింది. అక్కడే ఆ మాట మీద లేచి వచ్చేసి ఉంటే ఎంత బావుండునో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఊ ట్విన్ పాక వెనక చెరువులో, ఇటుక కట్టి ముంచిన అరటి బొండు ఒకటుంది. "ఒకసారి కొట్టి చూడు," అన్నాడు. ఆవిడ తేలిక విల్లుతో కొట్టింది. బాణం నీళ్లలోకి దూరి, బొండుకి చర్మం మాత్రం గీరి, పక్కకి పడిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. బిగువు విల్లుకి నా చేత నారి ఎక్కించి కొట్టింది. బాణం బొండులోంచి అవతలికి వెళ్లింది.

ఆవిడ రెండు విల్లుల వంకా మార్చి మార్చి చూసింది. నేనే అన్నాను. "తేలికదే తీసుకో అత్తా. చిన్న చేపలు కొట్టుకోవచ్చు. సరదాకే కదా."

ఆవిడ నా వంక అదోలా చూసింది. "నీకు సరదాయే. సేపకేటి సరదా? నా మోకాలి నెప్పితో దానికేటి పని? తగిల్తే సావాల. సగం తగిలి, ఏ గట్టుకిందికో ఎల్లి కుళ్లితే ఆ ఉసురు నాకొద్దు."

తేలిక విల్లుకి తనే నారి దించి, ఊ ట్విన్ చేతిలో పెట్టేసింది. బిగువు విల్లు నాకిచ్చి, నా ముఖం చూడకుండా, "ఆదోరం ఆదోరం వచ్చి తాడెక్కించవే," అంది.

మా అత్త జీవితంలో ఎవరినీ ఏదీ అడగలేదు. మావయ్య పోయిన రోజు కూడా, సాయానికి వచ్చినవాళ్లకి తనే టీ పెట్టి ఇచ్చింది. అలాంటి మనిషి ఒక చేప ప్రాణం సుళువుగా పోవడం కోసం నన్నడిగింది. ఆ రోజు ఆవిడని చూస్తే నాకు భయం లాంటి గౌరవం కలిగింది. ఇప్పుడు రాస్తున్నా అదే కలుగుతోంది.

పాత విల్లు పిడికున్న ఎర్ర ముఖమల్ విప్పి అత్త కొత్తదానికి కుట్టుకుంది. అప్పట్నుంచి వానాకాలపు ఆదివారాలన్నీ నావి దలాలోనే. నేను నారి ఎక్కిస్తుంటే ఆవిడ గోడ వైపు తిరిగి మిషనుకి నూనె పోసేది, లేదా గిన్నెలు గట్టిగా సర్దేది. అయిందని చెప్పాకే ఇటు తిరిగేది. "తిన్నగా ఎక్కిందా?" అని కొసలు రెండూ వేలితో తడిమి, "సరే, బతికేవు," అనేది. నేనెంత బాగా చేసినా అంతకు మించి మెచ్చుకోలు ఉండదు. నాకు మాత్రం ఆ ఆదివారాలు పండగే. పడవలో ఆవిడ ముందు కూర్చుంటే, తెడ్డు నాది. ఆవిడ మాట్లాడకుండా వేలితో ఎటు చూపిస్తే అటు పోవడం. ఈ ఊళ్లో అంత నిశ్శబ్దం నాకింకెక్కడా దొరకలేదు.

ఆ ఆదివారం ఇంట్లో అడుగు పెట్టేసరికి అత్తని చాప మీద పడుకోబెట్టి ఉంచారు. ముఖం నిమ్మళంగా ఉంది. చెయ్యి పట్టుకుని కూర్చుని, తల ఎత్తితే గోడ మీద విల్లు కనిపించింది. నారి ఎక్కించి ఉంది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని కోపంగానే అడిగాను.

మా థిడా కళ్లు తుడుచుకుని చెప్పింది. పొద్దున్న అత్త పిలిస్తే వెళ్లిందట. మిషను ముందు పీట మీద కూర్చుని, విల్లు కింది కొసకి జాకెట్టు గుడ్డ చుట్టి, మిషను కింద ఇనప కమ్మీకి ఆనించి, విల్లు నడుముని తొడ కింద పెట్టి నొక్కుతోందట. "పట్టుకుంటాను డోడో అన్నాను. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానంది. మూడు నాలుగుసార్లు జారింది. తర్వాత ఎక్కేసింది. చప్పట్లు కొట్టుకుంది. 'దానికి సెప్పకు. వచ్చి గోడ మీద సూసి నోరు ఎళ్లబెట్టాల' అంది. నన్ను టీ పెట్టమంది. నువ్వొచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటానంది."

నేను నోరు వెళ్లబెట్టే ఉన్నాను. చూడాల్సినావిడే లేదు.

దహనం అయి అందరూ వెళ్లిపోయాక ఊ ట్విన్ ఒక్కడూ మిగిలాడు. గోడ మీద విల్లు వంక చూశాడు. నేను జరిగింది చెప్పాను. పిడి మీద ముఖమల్‌ని ఒకసారి ముట్టుకున్నాడు. "కూర్చున్న కొలత," అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మెల్లగా అన్నాడు: "అది అలాగే ఉంటే పాడైపోతుందమ్మా. ఆవిడ ఒప్పుకోదు."

నాకు దించబుద్ధి కాలేదు. ఆవిడ చేతులతో ఆఖరున చేసిన పని అది. దాన్ని నా చేతులతో విప్పడమా? అలాగే ఉంచేస్తే గోడ మీద విల్లు అలిసిపోతోందని ఆవిడ ఎక్కడున్నా సణుగుతూనే ఉంటుంది. ఆ సణుగుడు నాకు బాగా తెలుసు.

నారి దించాలన్నా విల్లుని ముందు ఇంకాస్త వంచాల్సిందే. నాకు కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి, నిలబడి ఒక్క నిమిషంలో చేసేయగలను. కానీ మిషను ముందు ఆవిడ పీట మీద కూర్చున్నాను. గుడ్డ చుట్టిన కొస ఇనప కమ్మీకి ఆనించాను. నడుము తొడ కింద పెట్టి నొక్కాను. కదల్లేదు. మళ్లీ నొక్కాను, జారింది. మూడోసారికి చెమటలు పట్టాయి. ఆ మోకాలితో, ఆ వయసులో ఆవిడ ఎంత బలం పెట్టిందో అప్పుడు నా చేతులకి తెలిసింది. "అత్తా" అని పైకే అని, పళ్లు బిగించి ఒంగాను. నారి కొసనున్న గాడిలోంచి జారి నా ఒళ్లో పడింది.

విల్లు వదులైంది. వదులవుతూ దాని కొస మిషను పెడలుని తాకింది. చక్రం మెల్లగా ఒక చుట్టు తిరిగింది. దారం లేని సూది కిందికి దిగి, గుడ్డ లేని చోట ఒక్క కుట్టు వేసి, పైకి లేచి ఆగింది.