కుట్టుపిన్ని శనివారాలు

పిల్లల గ్రంథాలయం వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా చిరిగిన పుస్తకాలు బాగుచేసే ఆవిడను అందరూ కుట్టుపిన్ని అనేవారు. ఊడిన పేజీలు వరసపెట్టి, దబ్బనంతో చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టి, వీపుకు కొత్త బట్ట అతికించి, రాయి బరువు కింద పెట్టేది. మర్నాటికి ఆ పుస్తకం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషిలా కాస్త నీరసంగా, కుదురుగా ఉండేది.

వేలకొద్దీ పుస్తకాలు ఆమె చేతిమీదుగా వెళ్ళాయి. ఒక్కదాన్నీ ఆమె మొదటినుంచి చివరిదాకా చదవలేదు. పదకొండో ఏట తల్లి మంచం పడితే, బైండింగు పనిచేసే తండ్రి ఆమెను బడి మాన్పించి జిగురు గిన్నె ముందు కూర్చోబెట్టాడు. అక్షరాలు వచ్చు. కూడబలుక్కుంటూ చదవగలదు. అయితే పుస్తకం అంటే ఆమెకు పని. పనిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చదవడమేమిటన్నట్టు ఉండేది.

ఒకరోజు లైబ్రేరియన్ కుంటుకుంటూ వెనక గదిలోకి వచ్చింది. మోకాలికి ఆపరేషన్, ఆరు వారాలు సెలవు. శనివారం మధ్యాహ్నాల్లో తొమ్మిదిమంది పిల్లలు చేరి, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ళెవరూ లేకపోతే వాళ్ళను గదిలో కూర్చోనివ్వరు.

"మీరు ఊరికే కూర్చుంటే చాలు పిన్నీ. మాటలన్నీ వాళ్ళే మాట్లాడుకుంటారు."

"నన్నా? నాకు పుస్తకాల వీపు తెలుసుగానీ పొట్ట తెలీదమ్మా!"

"వేరే దిక్కు లేదు."

"దిక్కులేని చోట నేను దిక్కా? సరే, కానీ. కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంటా."

మొదటి శనివారం ఆమె గోడవారగా కుర్చీ వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు మడతపెడుతూ కూర్చుంది. పిల్లలు కింద తివాచీ మీద గుండ్రంగా చేరారు. అందరికంటే పెద్దది, పన్నెండేళ్ళది, ఒకమ్మాయి ఉంది. ప్రతి మాటకీ వాదన పెట్టుకుంటుందని దాన్ని లాయరు అనేవారు. అదే ముందు లేచింది.

"ఈ పుస్తకం చాలా బాగుంది. ఇందులో మంచి నీతి ఉంది. అందరూ చదవాలి," అని గడగడా అప్పజెప్పి కూర్చుంది.

రెండోవాడూ అంతే. మూడోదీ అంతే. పుస్తకాలు వేరు, మాటలు ఒక్కటే. నాలుగోవాడు తొమ్మిదేళ్ళవాడు. పుస్తకాలను కొరుక్కుతింటాడని వాడికి చిట్టెలుక అని పేరు. వాడూ నీతి దాకా వచ్చేసరికి కుట్టుపిన్ని చేయి చాపింది.

"ఏదీ, ఇలా ఇవ్వు నాన్నా." ఆ కొత్త పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో అంచులు జారవిడిచింది. "యాభయ్యో పేజీ దగ్గర ఆపేశావు కదూ?"

చిట్టెలుక మొహంలో నెత్తురుచుక్క లేదు. "మీకెలా తెలుసు?"

"ఇదిగో, ఇక్కడిదాకా పేజీలు వదులయ్యాయి. ఇక్కణ్ణుంచి ఒకదాన్నొకటి కరుచుకునే ఉన్నాయి, చూడు. మనం అబద్ధం ఆడతాంగానీ పుస్తకం ఆడదు."

"తిడతారా?"

"నేనెందుకు తిడతానురా? రాసిందేమన్నా నేనా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. వాడికి ప్రాణం లేచొచ్చింది. ఎందుకాపావని ఆమె అడిగితే కాసేపు తల గోక్కున్నాడు.

"అందులో అందరూ మంచివాళ్ళే పిన్నీ. ఎవ్వరూ తప్పు చెయ్యరు. ఇంక ఏం జరుగుతుంది చెప్పండి?"

అంతే, కట్ట తెగింది. తనకు నచ్చిందన్న పుస్తకం నిజానికి నచ్చలేదని లాయరు ఒప్పుకుంది. ఇంకొకడు బొమ్మలు చూసి కథ తానే అల్లుకున్నానన్నాడు. పది నిమిషాల్లో గది చేపల బజారయింది. ఎవడికి వాడు "చెత్త, చెత్త" అని అరుస్తుంటే కుట్టుపిన్ని పక్కనున్న అల్మరా మీద చేత్తో గట్టిగా తట్టింది.

"చెత్త అంటే నేనేం బాగుచెయ్యను? ఎక్కడ చిరిగిందో చూపిస్తేనే కదా కుట్టేది! నచ్చలేదన్నా సరే, నచ్చిందన్నా సరే, ఉన్నదున్నట్టు చెప్పి, పేజీ తీసి చూపించండి."

ఆ మాట లాయరుకు నచ్చింది. పేజీ చూపించలేని అభిప్రాయం చెల్లదని అప్పటికప్పుడు చట్టం చేసేసింది.

మూడో శనివారం, ఎప్పుడూ చివర్లో మాట్లాడే ఒక పిల్ల నోరు విప్పింది. పుస్తకానికి నెలరోజులు తీసుకుంటుందని దాన్ని నత్త అనేవారు. అదేమీ అనుకునేది కాదు. "పిన్నీ, మీకే పుస్తకం ఇష్టం?" అంది నెమ్మదిగా.

ఏదో ఒక పేరు చెప్పేసి గట్టెక్కవచ్చు. కానీ ఉన్నదున్నట్టు చెప్పమని తనే చెప్పి, ఇప్పుడు అబద్ధమెలా ఆడుతుంది? ఒక్కటీ పూర్తిగా చదవలేదని ఉన్నమాట చెప్పేసింది.

"ఒక్కటి కూడానా?" అంది లాయరు కళ్ళింత చేసుకుని.

"ఇరవై రెండేళ్ళు మిఠాయికొట్లో పనిచేసి ఒక్క మిఠాయీ తినలేదా!" అన్నాడు చిట్టెలుక. వాడి గొంతులో ఎగతాళి లేదు, జాలే ఉంది. ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

ఆమె ఏం చదవాలన్నదాని మీద అరగంట కొట్టుకున్నారు. చివరికి నత్త తన సంచిలోంచి ఒక సన్నని పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. సముద్రం మధ్య దీపస్తంభంలో ఉండే ఒక పిల్ల కథ.

ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, దబ్బనం పక్కన పెట్టి, అక్షరాల కింద వేలు పెట్టుకుని వరస వరసా చదివింది. ఇంటికీ పట్టుకెళ్ళింది. ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. మాట్లాడకుండా ఉండలేని మనిషి. "ఏంటోయ్, పరీక్షలా? పాసవుతావా?" అని ఆటపట్టించాడు. "ముందు నన్ను చదవనివ్వు, తర్వాత నీ సంగతి చూస్తా," అంది. వారంలో అయిపోయింది.

నాలుగో శనివారం ఆమె వంతు వచ్చింది. ఒళ్ళో పుస్తకం తెరిచి వేలు పెట్టుకుంది.

"ఆ పిల్ల ఒక్కతే దీపం వెలిగించడం నచ్చింది. కానీ ఇదిగో, ఇరవై మూడో పేజీ. వాళ్ళమ్మ పడవెక్కి వెళ్ళిపోయింది. ఈ పిల్ల ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. నన్ను బడి మాన్పించినప్పుడు నేను వారంరోజులు ఏడ్చా. అందుకని నేనీ పిల్లని నమ్మలేకపోయాను."

"ఏడుస్తూ కూర్చుంటే దీపం ఎవరు వెలిగిస్తారు?" అంది లాయరు.

"ఏడుస్తూ వెలిగించచ్చుగా! నేను ఏడుస్తూనే కుట్టానమ్మా. కుట్టు వంకర పోలేదు."

నత్త పుస్తకం అందుకుని ఆ పేజీ చూసింది. "అయితే అది రాయాల్సింది," అంది. లాయరు వాదించలేదు. దానికి అది కొత్త.

ఆ వారమే గ్రంథాలయం కమిటీ ప్రెసిడెంటుగారు ఒక పుస్తకాల కట్ట పంపించారు. ఆయన రిటైరైన హెడ్మాస్టారు. పిల్లలకోసం పద్నాలుగు కథలు స్వయంగా రాసి, పుస్తకంగా అచ్చువేయించి, తలా ఒకటి ఇమ్మన్నారు. ఆరో శనివారం తానే వచ్చి అభిప్రాయాలు వింటానని కబురు పెట్టారు.

ఆ రోజుకు లైబ్రేరియన్ కూడా చేతికర్రతో వచ్చింది. పిల్లల కొత్త అలవాటు గురించి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ప్రెసిడెంటుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఊఁ, మొహమాటపడకుండా చెప్పండి," అన్నారు.

కుట్టుపిన్ని కుర్చీ అంచుకు జరిగింది. వీళ్ళు నిజంగానే మొహమాటపడరని అక్కడున్న పెద్దవాళ్ళలో తెలిసింది ఆమెకొక్కదానికే.

లాయరు లేచింది. "పదో పేజీ తియ్యండి. కథ బాగా నడుస్తూ ఉంది. చివర్లో 'కాబట్టి పిల్లలూ' అని వచ్చింది. పదహారో పేజీ, మళ్ళీ 'కాబట్టి పిల్లలూ'. ఆ మాట కనబడగానే తప్పు చేసి దొరికిపోయినట్టు ఉంటుందండీ."

"పదమూడుసార్లుంది. లెక్కపెట్టాను," అన్నాడు చిట్టెలుక, సాయం చేస్తున్నట్టు.

లైబ్రేరియన్ మొహం పాలిపోయింది. ప్రెసిడెంటుగారి చెవులు ఎర్రబడ్డాయి. కుట్టుపిన్ని లేచి నిలబడింది.

"తప్పు నాదండి. ఉన్నదున్నట్టు చెప్పమన్నది నేనే."

ఆయన ఆమె వైపు చూశారు. "మీరు చదివారా?"

"చదివానండి. మూడు రోజులు పట్టింది."

ఈలోగా నత్త చెయ్యెత్తింది. "నాకొక కథ చాలా నచ్చింది. ముప్పై ఒకటో పేజీ. అందులో 'కాబట్టి పిల్లలూ' లేదు."

అది ఫ్యాక్టరీ గేటు కాపలాదారు కథ. ముప్పై ఏళ్ళు ఈల ఊది కార్మికులను లోపలికి పిలిచిన మనిషి, కరెంటు సైరన్ పెట్టిన రోజున ఆ ఈలను ఆఫీసులో తిరిగి ఇచ్చేసి ఇంటికి బయల్దేరతాడు. అక్కడితో కథ అయిపోతుంది.

"నాకూ అదే నచ్చిందండి," అంది కుట్టుపిన్ని. "కానీ ఆయన ఇంటికెళ్ళి ఏం చేశాడో రాయలేదు. మమ్మల్ని వీధిలో నిలబెట్టి మీరు తలుపేసేసుకున్నారు."

ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయారు.

"ఆయన మా నాన్న," అన్నారు. "ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తొట్టి దగ్గర కూర్చుని గిన్నెలన్నీ తోమాడు. తోమినవి మళ్ళీ తోమాడు. మా అమ్మ వద్దని లాక్కోబోతే వదల్లేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. దానికి నీతి ఏం రాయాలో ఇప్పటికీ తెలీలేదు."

చిట్టెలుక మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. "అది రాయండి తాతయ్యా. గిన్నెలు తోమిందే రాయండి."

"రాయమంటావా?"

"కానీ చివర్లో మళ్ళీ..."

"రాయన్లేరా, రాయను," అని ఆయన నవ్వేశారు. "ముప్పై అయిదేళ్ళ అలవాటు. బడి గంట కొట్టేలోగా ఒక్కసారైనా ఆ మాట అనకపోతే నాకు తిన్నది అరిగేది కాదు."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, కుట్టుపిన్నికి నమస్కారం పెట్టారు. ఆవిడ కంగారుపడి రెండు చేతులూ జోడించింది.

పిల్లలు వెళ్ళాక లైబ్రేరియన్ కుర్చీలో కూలబడి చేతికర్ర గోడకానించింది. "నా ఉద్యోగం ఊడిందనుకున్నా పిన్నీ!"

"నేనూ అదే అనుకున్నా. మీకు మోకాలు నయమైంది కదా, ఇక మీ పిల్లల్ని మీరు తీసుకోండి."

"వాళ్ళు మిమ్మల్ని వదిలితే కదా! ఇద్దరం కూర్చుందాం."

కుట్టుపిన్ని కాసేపు నసిగి, "నాకూ ఒక కార్డు ఇస్తారా, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళడానికి?" అంది. ఇన్నేళ్ళలో ఆమెకొక కార్డు ఇవ్వాలని తమలో ఎవరికీ తోచనందుకు లైబ్రేరియన్ నొచ్చుకుంది. తనే కాగితం నింపి, ముద్ర వేసి, చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం ఆమె కాస్త లావుపాటి పుస్తకమే తెచ్చుకుంది. భర్త పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ, ఏముందో పైకి చదవమన్నాడు. ఆమె వేలు పెట్టుకుని, తడబడుతూ, ఆగుతూ చదువుతుంటే మొదట రెండుసార్లు జోకులేశాడు. మూడో పేజీకి వచ్చేసరికి కత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఆగాగు. ఆ ముక్క మళ్ళీ చదువు," అన్నాడు.