బండికి వేడి చేసింది

"బండికి వేడి చేసింది" అన్నడు మా బాపు. మామిడిపండ్లు ఎక్కువ తిన్న మనిషిని అన్నట్టే అన్నడు. ఆ మాట ఎనుక ఇంకో మాటున్నది, నాకు తెల్వదా? నేను ఉరికిచ్చి ఉరికిచ్చి ఆయన కారు ఖరాబు చేసిన్నట!

నిజామాబాద్ నుంచి బోధన్‌కు రోజూ గా కార్లనే పోయి బడిల సైన్స్ చెప్త. మా ఇంట్ల బండి నడిపే ఆడిదాన్ని నేనొక్కదాన్నే. దసరా పోయినంక చెరుకు ట్రాక్టర్లు రోడ్డెక్కినయి. వాటెనుక ఆగినప్పుడల్లా వేడి ముల్లు ఎర్రగీత మీదికి పోవుడు షురూ అయ్యింది. మెకానిక్ బానెట్ గూడ లేపలే, "హెడ్డు పోయినట్టుంది, ఇంజిన్ దించాలె" అన్నడు. బాపు నా దిక్కు చూసిండు.

"దించుడెందుకు, అమ్మేద్దాం. నువ్వు బస్సుల పో."

నేను ఒప్పుకోలే. ఆన్‌లైన్ల అగ్గిపెట్టంత డబ్బి ఒకటి తెప్పిచ్చిన. స్టీరింగ్ కింది సాకెట్ల గుచ్చితే ఇంజిన్ సంగతంతా ఫోన్ల అంకెలై కనవడ్తది.

"గీ డబ్బి నాడి వట్టి చెప్తదా?" అని నవ్విండు బాపు.

"చెప్తది. వచ్చి పక్కన కూసో."

"వేడంటున్నరు గద, గిలాసెడు సల్ల పొయ్యుండ్రి" అన్నది అవ్వ వంటింట్లకెళ్లి.

కార్ల కూసున్నంక ఫోన్ బాపు చేతిల పెట్టి, "నువ్వే సదువు" అన్న. ఖాళీ రోడ్డు మీద ఎంత ఉరికిచ్చినా నీళ్ల వేడి ఎనభై తొమ్మిది దాటలే. ఎడపల్లి దాటినంక చెరుకు ట్రాక్టర్ల ఎనుక ఆగినం. తొంభై ఆరు. నూటొకటి. అంకెతోటి బాపు గొంతు గూడ లేస్తున్నది. "నూటారు! బంద్ చెయ్యి బిడ్డా, బంద్ చెయ్యి!"

పక్కకు ఆపి బంద్ చేసిన.

"బాపూ, ఉరికితే సల్లగున్నది, ఆగితే వేడెక్కుతున్నది. ఉరికేటప్పుడు గాలి అదే తగుల్తది. ఆగినప్పుడు ఫ్యానే గాలియ్యాలె. ఫ్యాన్ తిరుగుతలేదు."

గట్టిగనే అన్న గని, నా లెక్క తప్పయితే రేపట్నుంచి బస్సే.

సల్లారినంక బానెట్ లేపినం. ఫ్యాన్‌కు సుతిలి తాడు గట్టిగ చుట్టుకోనున్నది, దాంట్ల ఎండిన బంతిపూల రెక్కలు. దసరానాడు బండిపూజ చేసి, దండ గాలికి ఎగిరిపోతదని బానెట్ లేపి దాని సుతిలి లోపల కట్టిందెవరు? బాపే! పూలు వాడినంక తెంపి పారేసిండు, సుతిలి మరిచిండు.

బాపు పక్క ట్రాక్టరాయన్ను అడిగి చెరుకు కొట్టే కత్తి తెచ్చి, తానే మెల్లగ సుతిలి కోసి తీసిండు. బండి మళ్ల స్టార్ట్ చేసిన. అంకె తొంభై ఎనిమిది దాటంగనే ఫ్యాన్ బుర్రుమన్నది. ఆగిన చోటనే అంకె తొంభై మూడుకు దిగింది.

కత్తి వాపసిస్తూ, "మా బిడ్డ ఫోన్ల చూసి పట్టింది, మెకానిక్కుకే దొరకలే" అని ట్రాక్టరాయన అడగకముందే బాపు చెప్పిండు. నేను పొంగిపోయిన, అబద్ధమెందుకు? బడి దాకా నవ్వు ఆగలే.

మళ్ల దసరా వచ్చింది. కొబ్బరికాయ కొట్టినంక బాపు దండ పట్టుకొని కారు ముంగట నిలవడ్డడు. బానెట్ మీద చెయ్యి వెయ్యలే.

"బండి నీది బిడ్డా" అన్నడు. "ఏడ కట్టాల్నో నువ్వే చెప్పు."