నీలి మరక అనుకున్నాను

“కదలద్దంటే కదలద్దు! నీలి తొట్టి దగ్గరికి నిన్ను ఎవరు పొమ్మనింది?”

“నేను పోలేదుమా. రుద్దొద్దు, నొప్పిగా ఉండాది.”

“పోకుంటే మోచేతి పైన ఇంత మరక యాడ నుంచి వచ్చింది? గాల్లో వచ్చిందా?”

“నొప్పిమా, విడు!”

“పావాడకు అంటితే కొత్తది నువ్వు కొంటావా?”

నేను విడవలేదు. చింతపండు పిప్పితో ఇంకా గట్టిగా రుద్దాను.

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల ఏలుబడి రోజులవి. సారం అనే పేటలో మా ఇల్లు. నేను అద్దకం కొట్టంలో నూలు ముంచేదాన్ని. పదేళ్ల మా ముత్యాలు అదే కొట్టంలో ఆరిన గుడ్డలు మడిచేది. దాని పిల్లలు ఇప్పుడు నన్ను అవ్వా అంటున్నారు.

నీలి పని తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. తొట్టిలోంచి తీసేటప్పుడు నూలు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాకే నీలమవుతుంది. ఒంటికి అంటితే గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో ముందు నిలుస్తుంది. రోజూ రుద్దితే కొంచెం కొంచెంగా వదులుతుంది.

ముత్యాలు గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. అరచేయీ శుభ్రంగానే ఉంది. పద్నాలుగేళ్లు ఆ తొట్టి మీద వంగినదాన్ని, అదైనా చూడకుండా రుద్దాను. పిప్పికి రంగు రాలేదు. అప్పుడు ఆగి, చేతిని వెలుతురుకు తిప్పాను. కమిలిన నాలుగు వేళ్ల అచ్చు కనిపించింది.

“ఎవరు?”

“మేస్త్రీ. మడత వంకరగా ఉందని పట్టుకోని గోడకేసి కొట్టినాడు. పోయిన వారం కూడా.”

తరువాత నేను అడిగింది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. “నువ్వేం చేసినావు?” అన్నాను.

పిల్ల నన్నే చూసింది. “ఇందుకే నీతో చెప్పలా.”

ఏ నూలును ఎన్నిసార్లు ముంచాలో చూపుతోనే చెప్పగలనని మిడిసిపడేదాన్ని. కన్నబిడ్డ నొప్పి అంటే మాత్రం అబద్ధమనుకున్నాను. నొప్పి అన్నప్పుడు ముందు చెయ్యి ఆపాలి. చెప్పింది ముందు నమ్మాలి. రెండేళ్లే చదువుకున్నదాన్నని సాకు చెప్పలేను, దీనికి చదువెందుకు? “తప్పు నీది కాదు” అని ఆ సాయంత్రమంతా చెప్పాను. అది తలైనా ఊపలేదు.

మరునాడు పొద్దున్నే నేనొక్కదాన్నే కొట్టానికి వెళ్లాను.

“ఏందమ్మా, రాణిగారు ఇంకా లేవలేదా?” అన్నాడు మేస్త్రీ.

“రాదు. దాని చేతి మీద నీ వేళ్లు ఉండాయి.”

మడతలు వేసేవాళ్లు తలలెత్తారు.

“ఒక దెబ్బకే కరిగిపోతారా పిల్లలు? పో, పోయి నీ తొట్టి చూసుకో.”

“అది కూడా నువ్వే చూసుకో” అని వచ్చేశాను.

“ఇంక ఆడికి పోనక్కర్లే. నేనూ పోను” అని ముత్యాలుతో చెప్పాను. ఆముదం వెచ్చజేసి తెచ్చి, దాని వైపు చెయ్యి చాపాను. అది చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నేనే పెట్టుకుంటా” అంది.

గిన్నె దాని పక్కన పెట్టి, కొంచెం ఎడంగా కూర్చున్నాను.