దేనికి ఫిట్?

మీ కళ్ళ ముందు ఒక మనిషి మూర్ఛ వచ్చి పడిపోతే మీ చెయ్యి ముందుగా ఎక్కడికి పోతుంది? నిజం చెప్పండి. తాళాల గుత్తి కోసం జేబులోకి పోతుంది. నాదీ అక్కడికే పోయింది. మూఢనమ్మకాల మీద ఊరూరా వేదికలెక్కి గొంతు చించుకున్న వాణ్ణి, గాలిలోంచి విభూతి తీసే బాబాల చేతివాటం పిల్లల ముందు చేసి చూపించిన వాణ్ణి, ఆ రోజు నా జేబులోకి నా చెయ్యే నన్ను అడగకుండా పోయింది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

కరోనా తగ్గి ఐటీఐ వర్క్‌షాపులు మళ్ళీ తెరిచిన ఏడాది అది. ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు ఐటీఐలో నేను ఫిట్టర్ ట్రేడ్ నేర్పుతున్నాను. పైన రేకులు, మధ్యలో రెండు వరసల బల్లలు, ప్రతి బల్లకూ ఒక బెంచ్ వైస్. వైస్ అంటే ఇనుప ముక్కను కదలకుండా పట్టుకునే బిగింపు. అందులో బిగించిన ముక్కని మేం జాబ్ అంటాం. దాన్ని ఆకురాయితో అరగదీసి, కొలిచి, ఇంకో ముక్కలో వెలుతురు కూడా దూరనంత సరిగ్గా కూర్చోబెట్టడం ఫిట్టర్ పని.

ప్రతి ఏటా 'లిమిట్స్ అండ్ ఫిట్స్' పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్ని ఒకటే అడుగుతాను: "ఫిట్ అనే మాట మీరు ఎక్కడెక్కడ విన్నరు?" ఆ గంట సరదాగా గడుస్తుంది. ఆ ఏడు కూడా చేతులు లేచాయి. "మా అన్న జిమ్ముకు పోతడు సార్, మస్తు ఫిట్‌గుంటడు." "టైలర్ దగ్గర ఫిట్టింగ్." "ఆటోకు ఫిట్‌నెస్ చెయ్యాలె, లేకుంటే ఫైనేస్తరు." "నల్లా ఫిట్ చేసుడు." బొంగులూరు నుంచి వచ్చే నరేష్ లేచి, "మా బావ మా ఇంట్ల ఫిట్టింగ్ పెట్టిండు సార్, బండి నాకు రాకుంట చేసిండు" అన్నాడు. అందరూ నవ్వారు. వెనక బల్ల నుంచి ఎవరో "ఫిట్స్ సార్, గిలగిల కొట్టుకునేది" అని చేతులు వణికించి చూపించాడు. ఇంకా నవ్వారు.

"అది మన సబ్జెక్టు కాదు, కూర్చో" అన్నాను నేను.

క్లాసులో ఉన్న నలుగురు ఆడపిల్లల్లో మమత ఒక్కతే నవ్వలేదు. పుస్తకంలో ఏదో గీస్తూ తల దించుకుంది. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది చాలా ఆలస్యంగా.

తర్వాత పాఠం చెప్పాను. ఒక షాఫ్ట్‌ని, అంటే గుండ్రటి కడ్డీని, చేతిలోకి తీసుకొని "ఇది ఫిట్టా?" అని అడిగాను. సగం మంది అవ్ అన్నారు, సగం మంది కాదన్నారు. రెండూ తప్పే. ఏ రంధ్రంలోకి పోవాలో చెప్పకుండా ఏ కడ్డీనీ ఫిట్ అనలేం. వదులుగా తిరగాల్సిన చోట ఒక కొలత, సుత్తితో కొట్టి బిగించాల్సిన చోట ఇంకో కొలత. ఒంటరి ముక్కను చూసి తీర్పు చెప్పేవాడు ఫిట్టర్ కాడు. ఈ మాట గొప్పగా చెప్పి గంట ముగించాను.

మమతకు పందొమ్మిదేళ్ళు. బడంగ్‌పేట్ దగ్గర కాలనీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నాన్న లేడు. తల్లి యాదమ్మ అపార్ట్‌మెంట్లలో పనిచేసేది. ఆ అమ్మాయికి చెయ్యి కుదురు. గీత కనబడేలా మైలుతుత్తం పూసిన ఇనుము మీద స్క్రైబర్‌తో, అంటే మొన తేలిన ఉక్కు పుల్లతో, గీత గీస్తే రెండోసారి దిద్దే పని ఉండేది కాదు. దాంతోపాటు నోరూ ఉండేది. "నీ జాబ్ ఎలుక కొరికినట్టున్నది రా" అని నరేష్‌ని రోజూ ఏడిపించేది.

ఒకరోజు పొద్దున పదిన్నరకు, వైస్ దగ్గర నిలబడ్డ మమత నిలబడ్డట్టే వెనక్కి పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఒక్కసారిగా అరుపులు.

"ఇనుము! చేతుల ఇనుము వెట్టుర్రి!"

"సార్, తాళాలు! తాళాలియ్యుండ్రి సార్!"

నేను పరుగెత్తాను. పరుగెత్తుతూనే జేబులోంచి తాళాలు తీశాను. నేను చేరేలోపు నరేష్ బల్ల మీద చేతికందిన ఆకురాయిని మమత గుప్పిట్లో పెట్టి, పైనుంచి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆ ఆకురాయికి పిడి లేదు. పిడి లోపలికి దూరే మొన సూదిలా ఉంటుంది. పిడి లేని ఆకురాయిని ముట్టుకోవద్దని మేం మొదటి రోజే, మొదటి గంటలోనే చెప్తాం. ఆ మొన అరచేతిలో దిగింది.

మూర్ఛ దానంతటదే తగ్గిపోయింది. రక్తం మాత్రం తగ్గలేదు. నేను తాళాలు చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాను.

దవాఖానలో అయిదు కుట్లు పడ్డాయి. మమతకు పూర్తిగా తెలివి వచ్చాక అన్న మొదటి మాట: "నా జాబ్ వైస్‌లనే ఉన్నది సార్. ఎవ్వరూ ముట్టలే గద?"

యాదమ్మ ఆటోలో వచ్చింది. బిడ్డ చేతి కట్టు చూసి ఏడవలేదు. నా వైపు చూసి భయపడింది. "చిన్నప్పటి సంది ఉన్నయ్ సార్. చెప్తె కాలేజీల చేర్చుకోరని చెప్పలే. పట్నంల పెద్ద దవాఖానల మాత్రలిచ్చిన్రు. ఏసుకున్నన్ని దినాలు మంచిగనే ఉండె."

"మరి ఎందుకు బంద్ చేసిన్రు అక్కా?"

"ఒకాయన తాయెత్తు కట్టిండు సార్. మాత్రలు మింగితె తాయెత్తుకు శక్తి పోతదన్నడు. నాలుగు నెలలు రాలే. పోయినయ్ అనుకున్నం."

నాకు కోపం ఆగలేదు. "ఆయనకు జ్వరమొస్తె తాయెత్తు కట్టుకుంటడా, గోలి ఏసుకుంటడా?"

యాదమ్మ ఉన్నమాటే చెప్పింది. "గోలే సార్. మొన్న నా దగ్గర్నే అడిగి తీస్కపోయిండు."

మంచం మీద మమత పకపకా నవ్వింది. "నేను చెప్తె ఇనలే సార్ మా అమ్మ. తాయెత్తుకు శక్తి ఉంటే మాత్రకు భయపడుతదా అని అడిగిన. కొట్టనీకి వచ్చింది." అరచేతిలో కుట్లతో అంతలా నవ్విన ఆ అమ్మాయిని చూశాక, వేదికల మీద నేనిచ్చిన ఉపన్యాసాలు నాకే చప్పగా అనిపించాయి.

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచాడు. మంచివాడే, కానీ భయస్తుడు. బల్ల మీద యాక్సిడెంట్ రిజిస్టర్ తెరిచి ఉంది. అందులో "ఫిట్స్ వల్ల చేతికి గాయం" అని రాసి ఉంది.

"టీసీ ఇచ్చి పంపిద్దం సార్. రేపు లేత్ మెషిన్ల చెయ్యి పడితె ఎవరు జవాబు చెప్పాలె? పైగా అడ్మిషన్ల ఫిట్ అని సర్టిఫికెట్ పెట్టింది. అబద్ధం గద అది?"

ఆ సర్టిఫికెట్ ఎట్లా వస్తుందో నాకు తెలుసు. ఆ ఏడు చేరిన పిల్లలందరూ ఒకే క్లినిక్ ముందు వరస కట్టారు. డాక్టరు మొహం ఒక్కరూ చూడలేదు. కాంపౌండర్ ముద్ర వేసి ఇచ్చాడు.

"అప్పుడు చూడకుంట ఫిట్ అన్నరు. ఇప్పుడు మనం చూడకుంట అన్‌ఫిట్ అంటున్నం. చూసుడు ఎప్పుడు సార్?" అన్నాను. రిజిస్టర్ తీసుకొని ఆ వాక్యం కొట్టేసి, "పిడి లేని ఆకురాయిని చేతిలో పెట్టడం వల్ల గాయం" అని రాసి సంతకం పెట్టాను.

"ఎవరు పెట్టిన్రు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ నరేష్ "నేనే సార్" అన్నాడు.

"నేను తాళాలు తీసిన" అన్నాను. "వాడు ముందుగా చేరిండు, నేను వెనక చేరిన. అంతే తేడా. రాయాలంటే ఇద్దరి పేర్లూ రాయండి."

ప్రిన్సిపాల్ రాయలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పెద్ద డాక్టర్ దగ్గర రాయించుకొని రాండ్రి. నెల టైమిస్తున్న. లేకుంటే టీసీనే" అన్నాడు. ఇక ఆ నెల రోజుల్లోనే మమత చదువు తేలిపోవాలి.

పట్నంలో మెదడు, నరాల డాక్టరమ్మ దగ్గర మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె పాత చీటీలన్నీ చదివి, నన్ను అడిగింది: "మీరు చూసిన్రు గద. ఎంతసేపు వచ్చింది?"

"చానాసేపు మేడం."

"చానాసేపంటే? గడియారం చూసిన్రా?"

"లేదు."

డాక్టరమ్మ మమత అరచేతి కట్టు వైపు చూసింది. "గడియారం దొరకలే గానీ ఇనుము దొరికిందన్నమాట."

తర్వాత ఆమె ఓపికగా చెప్పింది. మూర్ఛ దయ్యమూ కాదు, శాపమూ కాదు. మెదడులో కణాల మధ్య నడిచే విద్యుత్తు కాసేపు గాడి తప్పడం. ఇనుముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. చాలాసార్లు దానంతటదే రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది. ఆగే సమయానికి మనం ఇనుము పెట్టి ఉంటాం కాబట్టి పేరు ఇనుముకు వస్తుంది. మాత్రలు ఉన్నట్టుండి ఆపడం మాత్రం ప్రమాదం. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె యాదమ్మ చెయ్యి పట్టుకుంది.

"సర్టిఫికెట్ కావాలె మేడం, ఫిట్ అని" అన్నాను.

"రాస్త. దేనికి ఫిట్?"

నా పాఠం నాకే అప్పజెప్పినట్టయింది. ఒక కాగితం తీసుకొని ఫిట్టర్ చేసే పనులన్నీ వరసగా రాశాను: మార్కింగ్, హాక్సా రంపంతో కోత, ఆకురాయి పని, వెర్నియర్‌తో కొలవడం, డ్రిల్లింగ్, గ్రైండింగ్, లేత్, నిచ్చెన ఎక్కి చేసే పని. ఆమె ఒక్కోటీ ఏంటో అడిగి తెలుసుకుంది. మమత లేచి నిలబడి చేతులతో చూపిస్తూ చెప్పింది. "మార్కింగ్ చెయ్యొచ్చా మేడం? గది నాకు మంచిగొస్తది."

మొదటి నాలుగింటికి టిక్కులు పడ్డాయి. తిరిగే మెషిన్లకూ నిచ్చెనకూ "ఇప్పుడు కాదు. మాత్రలు మానకుండా, ఏడాది పాటు రాకుంటే మళ్ళీ పరీక్షించాలి" అని రాసింది. కింద సంతకం. మామూలు సర్టిఫికెట్‌లో ఒక్క మాట ఉంటుంది. దీంట్లో ఎనిమిది పనులున్నాయి. ప్రిన్సిపాల్ దాన్ని రెండుసార్లు చదివి, "ఇట్లైతె నాక్కూడ భయం లేదు" అన్నాడు. లేత్, డ్రిల్లింగ్ అభ్యాసాలు రెండో ఏటికి జరిపాం.

ఆ వారమే వర్క్‌షాపులో ఒక గంట ఇనుము పని ఆపి, డాక్టరమ్మ చెప్పింది నేర్పాను. నరేష్‌ని నేల మీద పడుకోబెట్టాను. చుట్టూ గట్టి వస్తువులు జరపాలి. తల కింద మెత్తటిది పెట్టాలి. పక్కకు తిప్పాలి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో ఏమీ పెట్టొద్దు, గట్టిగా అదిమి పట్టొద్దు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా, దెబ్బ తగిలినా అంబులెన్స్ పిలవాలి. నరేష్ కళ్ళు మూసుకొని కాళ్ళు కదిలిస్తుంటే మమత పైనుంచి చూసి, "మూర్ఛ గట్ల రాదు రా. నువ్వు దోమలు కొట్టుకుంటున్నవ్" అంది. ఆ రోజు మొదటిసారి ఫిట్స్ మాట మీద ఆమె కూడా నవ్వింది. అంతకుముందు నవ్విన వాళ్ళే ఇప్పుడూ నవ్వారు. కానీ ఇది వేరే నవ్వు.

రెండు నెలల తర్వాత థియరీ క్లాసులో ఇంకోసారి వచ్చింది. నేను బోర్డు దగ్గర్నుంచి తిరిగేసరికే బల్లలు జరిగిపోయాయి. నరేష్ తన ఏప్రన్ మడిచి ఆమె తల కింద పెట్టాడు. పక్కనున్న అమ్మాయి మెల్లగా పక్కకు తిప్పింది. ఎవరూ అరవలేదు. నరేష్ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి.

కాసేపటికి మమత లేచి కూర్చొని, నీళ్ళు తాగి, "ఎంత?" అని అడిగింది.

"నిమిషం నలభై సెకన్లు."

పుస్తకం తీసి తారీకుతో సహా రాసుకుంది. ఆ లెక్క చూసి డాక్టరమ్మ మందు మోతాదు మార్చింది. ఆ తర్వాత కోర్సు అయిపోయేదాకా మళ్ళీ రాలేదు. రెండో ఏడు చివర్లో, డాక్టరమ్మ కొత్త కాగితం రాసిచ్చాక, నేను పక్కన నిలబడి ఉండగా మమత డ్రిల్లింగ్ మెషిన్ మీద మొదటి రంధ్రం వేసింది. యాదమ్మ బిడ్డ చేతికి ఆ తాయెత్తు ఇంకా ఉండనిచ్చింది. నేనేమీ అనలేదు. మాత్రలు మానడం లేదు, అది చాలు. దాన్ని విప్పే రోజు మమతే చూసుకుంటుంది.

ఇప్పుడు ఆదిభట్ల వైపు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తోంది. ఆమె చేతిలో రంధ్రం కొలత సరిచూసే గో–నోగో గేజ్ ఉంటుంది. ఒక కొస రంధ్రంలోకి పోవాలి, ఇంకో కొస పోకూడదు. కంటి అంచనాకు అక్కడ చోటు లేదు. ఇంటర్వ్యూలో తన జబ్బు సంగతి తనే చెప్పిందట, పనుల కాగితం బల్ల మీద పెట్టి. "దాచి చేరితె రోజూ భయపడాలె సార్. చెప్పి చేరితె వాళ్ళకు నేర్పొచ్చు" అంది ఫోన్లో. చేరిన మొదటి వారంలోనే తన లైన్లో పనిచేసే వాళ్ళందరికీ నేర్పిందట. నేల మీద పడుకున్నది సూపర్‌వైజరే.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. మూఢనమ్మకాన్ని వేదిక మీద ఓడిస్తే సరిపోదు, చేతికి ఇంకో పని నేర్పాలి. ఏం చెయ్యాలో తెలియని చెయ్యి ఎంత చదివినవాడిదైనా తాళాల కోసమే వెతుకుతుంది. కాబట్టి చదివి తలూపి పక్కన పెట్టకండి. రేపు మీ ఆఫీసులో, బడిలో, దుకాణంలో నలుగుర్ని పిలవండి. ఒకర్ని నేల మీద పడుకోబెట్టి, పక్కకు తిప్పడం అందరి చేతా చేయించండి. గడియారం చూడమనండి. తాళాలు జేబులోనే ఉండనివ్వండి.