ఓడ సుబ్బరాయప్ప

మా బావ సుబ్బరాయప్ప సముద్రం చూసినవాడు కాదు. దిబ్బూరహళ్ళి దాటి చింతామణి సంతకు పోవడమే ఆయనకు పెద్ద ప్రయాణం. అయినా ఊరంతా ఆయన్ను ఓడ సుబ్బరాయప్ప అనే పిలిచేది. ఆ పేరు రావడానికి కారణం నేనే. ఇప్పుడు చెప్పుకోవడానికి ఓపిక కూడా లేదు గానీ, నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

యాభై ఎనిమిదిలో సంగతి. మా అక్క లక్ష్మీనరసమ్మ పదహారేళ్ళుగా మల్బరీ తోటకు కడవతో నీళ్ళు మోస్తూ ఉండేది. కుడి భుజం పైకి లేచేది కాదు. తల దువ్వుకోవాలన్నా ఎడమ చేత్తోనే. ఆ ఏడు పట్టుపురుగులు బ్రహ్మాండంగా వచ్చాయి. పంట చేతికొస్తే బావికి కరెంటు మోటారు పెట్టిస్తానని బావ ఆమెకు మాటిచ్చాడు.

“ఇంగ ఈ ఒక్క పంటే, నారాయణా. ఆమీద ఈ పాడు కడవను మూలకు బోర్లించేస్తా” అనేది నాతో.

ఆ రోజుల్లోనే చింతామణి బస్టాండు హోటల్లో నేను కన్నడ పేపరు చదివి బావకు తెలుగులో చెప్పాను. ఎవరో విదేశపు కోటీశ్వరుడి ఓడ బొమ్మ వేశారు. సరుకు మోసేది కాదు, సొంత విలాసానికి కట్టించుకున్నది. బంగారు కొళాయిలంట, గదిగదికీ పట్టు పరదాలంట.

“ఒక్క మనిషికేనా అంతా?” అని బావ నోరు తెరిచాడు. ఆయన నోరు తెరిస్తే నాకు హుషారు. నా నాలుక తెగ! పేపర్లో లేని మాట ఇంకొకటి కలిపాను.

“పట్టు కొనేముందు ఆయప్ప మారువేషంలో ఊరూరూ తిరిగి, పురుగుల్ని తన కండ్లతో చూస్తాడంట బావా!”

రెండు వారాలు గడిచాయి. ఇంకో నాలుగు రోజులు ఆకు తింటే పురుగులు గూడు కడతాయి. పురుగుల ఇంట్లోకి పొగాకు వాసన పోకూడదు, పొగ తగిలితే అవి బతకవు. బీడీ లేనిదే పొద్దుపోని బావ కూడా మేత రోజులన్నీ బీడీ ముట్టేవాడు కాదు. కన్నతల్లి వచ్చినా అక్క గడప బయటే నిలబెట్టేది.

అక్క ఆకు కోయడానికి పోయిన పొద్దున, కోటూ టోపీ వేసుకున్న మనిషొకడు చుట్ట కాలుస్తూ వాకిట్లోకొచ్చాడు. పురుగులు చూడొచ్చా అని కన్నడంలో అడిగాడు. అంతే, ఓడ కోటీశ్వరుడే మారువేషంలో వచ్చాడని మా బావకు ఒళ్ళు తెలియలేదు. అంతటి ధనవంతుణ్ణి చుట్ట పారేయమని ఎట్లా అనేది? చేతులు కట్టుకుని లోపలికి పిలుచుకుపోయాడు. వాడు తట్టతట్టకూ వంగి, పొగ వదులుతూ తీరిగ్గా చూశాడు. బయటికొచ్చి, “పంట బాగుందే!” అంటూ బావ చేతిలో ఒక కాగితం పెట్టాడు. దాని మీద మోటారు బొమ్మ ఉంది. వాడు బావి మోటార్లు అమ్మేవాడు.

సాయంత్రానికి పురుగులు పచ్చగా కక్కుకుని ముడుచుకుపోయాయి. అక్క ఏడవలేదు. తట్టలన్నీ దిబ్బలో కుమ్మరించి వచ్చి కడవ అందుకుంది. బావ దాన్ని లాక్కున్నాడు.

“ఇట్లియ్యి. నేను మోస్తా.”

“మొగోడు కడవ మోస్తే ఊరు నవ్వదా?”

“నవ్వనీ.”

ఊరు నవ్వింది. మోటార్లవాణ్ణి ఓడ కోటీశ్వరుడనుకున్న సంగతి అప్పటికే అందరికీ పాకింది. “ఓడ వస్తాండాది, దారి ఇడవండప్పా!” అని ఎదురొచ్చిన ప్రతివాడూ అన్నాడు. బావ ఎనిమిదేళ్ళు మోశాడు, మారుమాట లేకుండా. ఆ తర్వాతి పంటలు తిండికే చాలక, మోటారు రానే లేదు.

మంచం పట్టినాక ఒక రోజు నన్ను దగ్గరికి పిలిచాడు.

“నారాయణా, ఆయప్ప మారువేషంలో తిరుగుతాడని పేపర్లో ఉండె గదా? నేనేం ఎర్రోణ్ణి కాదు గదా?”

నేను ఆయన దుప్పటి సరిచేశాను.

“ఉండె బావా. నా కండ్లతో చదివినా.”

“అట్లయితే సరే” అని అటు తిరిగి పడుకున్నాడు.

గడపలో నిలబడిన అక్క నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కడవ ఎడమ భుజానికెత్తుకుని బావికి పోయింది.